నాన్నకి జబ్బు చేస్తే ‘కృప తప్పింది’ అనొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. నాకర్థమైనంత వరకు సంగతి ఇది: నాన్నగారికి పక్షవాతం వచ్చి ఐదు నెలలైంది. మాట పడిపోయింది, వినికిడి మాత్రం బాగానే ఉంది. చూడ్డానికి వచ్చిన సంఘం పెద్ద ఒకాయన, ‘దశమభాగం ఆపేశారు కదా, అందుకే కృప తప్పింది’ అనేసి టీ తాగి వెళ్లిపోయాడు. (దశమభాగం అంటే రాబడిలో పదో వంతు సంఘానికి ఇవ్వడం.) అప్పటి నుంచి మీకు నిద్ర పట్టడం లేదు. బైబిల్లో కృప అంటే అసలు ఏంటి, దయ, కనికరం, కృప ఒకటేనా, ఇస్తే వచ్చేదా, మానేస్తే పోయేదా, నోటితో ప్రార్థన చేయలేని మనిషికి అది ఉంటుందా అని అడిగారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా గుంటూరు జిల్లా పల్లెల్లో పాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మధ్యలో కొన్నేళ్లు బైబిల్ పాఠశాలలో హీబ్రూ, గ్రీకు చెప్పాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను. ముందు మీ టెన్షన్ తగ్గడానికి ఒక్క మాట. ‘కృపలోనుండి తొలగిపోవడం’ అన్నది బైబిల్లో ఉంది. కానీ ఆయన చెప్పిన అర్థంలో కాదు, దాదాపు దానికి తలకిందులుగా ఉంది. అక్కడికి తర్వాత వస్తాను.

మన ఇళ్లల్లో ఈ మాట బాగా అరిగిపోయింది. ‘ఎలా ఉన్నారు?’ అంటే ‘దేవుని కృప’ అంటాం. పరీక్ష పాసైతే కృప, వీసా వస్తే కృప. పిల్లలకు కృపావరం, కృపామణి, కృపానందం అని పేర్లు పెట్టుకుంటాం. ఇక ప్రసంగాల్లో వినే సూత్రం ఒకటుంది: రావలసిన శిక్ష రాకపోవడం కనికరం, అర్హత లేని మేలు రావడం కృప. నేనూ ఎన్నోసార్లు చెప్పాను. ఆదివారం బడి పిల్లలకు అది సరిపోతుంది. కానీ లూకా 2:52 చూడండి. బాలుడైన యేసు ‘దేవుని దయయందును, మనుష్యుల దయయందును’ వర్ధిల్లాడని ఉంది. అక్కడ ‘దయ’ అన్న చోట గ్రీకులో ఉన్నది ఖారిస్. మిగతా చోట్ల మనవాళ్లు కృప అని అనువదించిన మాటే. మరి యేసుకు అర్హత లేదని ఎవరంటారు? కాబట్టి ‘అర్హత లేనివారికి’ అన్నది ఆ మాటలో పుట్టుకతో ఉన్న అర్థం కాదు. అది తర్వాత వచ్చి చేరింది. ఎలా చేరిందన్నదే అసలు కథ.

పాత నిబంధన నుంచి మొదలుపెడదాం. మన తెలుగు బైబిల్లో ‘కృప’ అన్న ఒక్క మాట వెనక హీబ్రూలో ముఖ్యంగా రెండు వేరు వేరు మాటలున్నాయి.

మొదటిది హేన్. ఇది చూపుకు సంబంధించిన మాట. హీబ్రూలో చాలాసార్లు ‘ఫలానావారి కళ్లలో హేన్ దొరికింది’ అని వస్తుంది. ఆదికాండం 6:8లో నోవహు ‘యెహోవా దృష్టియందు కృప పొందినవాడాయెను’ అన్నది ఇదే. ఇక్కడ మన అనువాదకులను మెచ్చుకోవాలి. రూతు 2:2లో ఆ పేద విధవ అత్తతో ‘ఎవని కటాక్షము పొందగలనో’ వాని వెనక పరిగె ఏరుకుంటానంటుంది. అక్కడున్నదీ హేనే. కటాక్షం అంటే కడకంటి చూపు. దేవుడి విషయంలోనైనా, పొలం ఆసామి విషయంలోనైనా కథ ఒక్కటే. పైనున్నవాడు కిందున్నవాడి వైపు తల తిప్పి చూశాడు. అహరోను దీవెనలో (సంఖ్యాకాండం 6:25) ‘తన సన్నిధిని నీకు ప్రకాశింపజేసి నిన్ను కరుణించును గాక’ అని ఉంటుంది. అక్కడ సన్నిధి అంటే హీబ్రూలో ముఖం. ముఖం చాటేయడానికి సరిగ్గా ఎదురుమాట అన్నమాట. 1979లో యెరూషలేము దగ్గర కేతెఫ్ హిన్నోమ్ అనే చోట పాత సమాధుల్లో చుట్టిపెట్టిన చిన్న వెండి రేకులు దొరికాయి. వాటి మీద ఈ దీవెనే కుదించిన రూపంలో చెక్కి ఉంది. ఇప్పటిదాకా దొరికిన బైబిల్ మాటల్లో అంతకంటే పాతవి లేవు. జనం ఆ చూపును అలా తాయెత్తులా తమతో దాచుకున్నారు.

రెండోది హెసెద్. దీనికి ఏ భాషలోనూ ఒక్క మాట సరిపోదు. ఇచ్చిన మాటకు కట్టుబడి ఉండే ప్రేమ, అవతలివాడు తప్పినా తాను తప్పని ప్రేమ అని అర్థం. పాత నిబంధనలో 250 సార్ల దాకా వస్తుంది, అందులో సగం కీర్తనల్లోనే. 136వ కీర్తనలో 26 వచనాల్లో 26 సార్లూ మనం ‘ఆయన కృప నిరంతరముండును’ అని పలికేది ఇదే. 23వ కీర్తన చివర ‘కృపాక్షేమములే నా వెంట వచ్చును’ అన్నదీ ఇదే. అదే మాట హోషేయ 6:6లో ‘కనికరమునే కోరుచున్నాను’ అని ‘కనికరం’ అయింది. అంటే దయ, కనికరం, కృప వేరు వేరు గదుల్లో తాళం వేసి ఉన్న మూడు వస్తువులు కావు. అనువాదకుడి కలం సందర్భాన్ని బట్టి అటూ ఇటూ కదిలింది. మీ ప్రశ్నల్లో ఒకదానికి ఇదే జవాబు.

హెసెద్‌ను జాలి అనుకుంటే మాత్రం పొరపాటే. జాలి వస్తుంది, పోతుంది. రోడ్డు మీద చూసి జాలిపడి పది రూపాయలిచ్చి వెళ్లిపోతాం. హెసెద్ వెళ్లిపోయేది కాదు.

ఇప్పుడు నిర్గమకాండం 34:6కి రండి. దేవుడు తన గురించి తాను చెప్పుకున్న మాటలివి: ‘కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములుగల దేవుడైన యెహోవా’. ఎప్పుడు చెప్పాడో చూడాలి. ఐగుప్తు నుంచి బయటపడ్డ జనం ఇంకా సీనాయి కొండ కిందే ఉన్నారు. మోషే రావడం ఆలస్యమైందని బంగారు దూడను చేసుకుని దాని చుట్టూ ఆడారు. ఆజ్ఞలు రాసి ఉన్న రాతి పలకలు పగిలాయి. ఒప్పందం రాసుకున్న సిరా ఆరకముందే మోసం జరిగిందన్నమాట. ఆ తర్వాత, రెండోసారి చెక్కిన పలకలతో మోషే కొండెక్కినప్పుడు వచ్చిన మాటలివి. జనం మంచిగా ఉన్న రోజున చెప్పినవి కావు. ఇశ్రాయేలు చరిత్రంతా ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని వేలాడింది. కీర్తనల్లో, నెహెమ్యాలో, యోవేలులో, యోనాలో మళ్లీ మళ్లీ వస్తుంది.

తెలుగులో చదివేవాళ్లకు ఇక్కడ ఒక లాభం ఉంది. యోహాను 1:14లో యేసును ‘కృపాసత్యసంపూర్ణుడుగా’ అని వర్ణించారు. సీనాయి దగ్గర ‘కృపాసత్యములు’, ఇక్కడా ‘కృపాసత్య’. పండితుల్లో చాలామంది యోహాను ఆ సీనాయి మాటనే గుర్తుచేస్తున్నాడంటారు. ఇంగ్లీషు పాత అనువాదంలో రెండు చోట్లా రెండు రకాల మాటలుండడంతో ఆ ప్రతిధ్వని వినపడదు. మన అమ్మమ్మలకు వినపడింది, వాళ్లు గమనించినా గమనించకపోయినా.

ఇక గ్రీకు మాట ఖారిస్. కొత్త నిబంధనలో 150కి పైగా సార్లు వస్తుంది, మూడింట రెండు వంతులు అపొస్తలుడైన పౌలు పత్రికల్లోనే, అంటే ఆయన రాసిన ఉత్తరాల్లోనే. మత్తయి, మార్కు సువార్తల్లో ఒక్కసారి కూడా లేదు. యేసు కృప అన్న మాటను పట్టుకుని ప్రసంగాలు చేయలేదు, కథలు చెప్పాడు. దానికి పేరు పెట్టి నిలబెట్టినవాడు పౌలు.

పౌలు కాలానికి ఖారిస్ గుళ్లో మాట కాదు, బజారు మాట. ఉపకారం, కానుక, ఉపకారం చేయాలన్న మనసు, దానికి చెప్పే కృతజ్ఞత, అన్నిటికీ అదే. ఆ లోకం ఎలా నడిచేదో తెలియాలంటే మన పెళ్లిళ్లలో చదివింపులు గుర్తు తెచ్చుకోండి. ‘ఫలానా వారు 1,116’ అని మైకులో చదువుతారు, పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది. వాళ్ల పిల్ల పెళ్లికి వెళ్లే ముందు తీసి చూసుకుంటాం. వాళ్లు మనకు అంత రాస్తే మనం తక్కువ రాస్తే ఏం బావుంటుంది? మా అమ్మ పెట్టెలో 1960ల నాటి చదివింపుల పుస్తకం ఉండేది. అందులో రెండు రూపాయల బాకీలు కూడా ఆమెకు నోటికొచ్చు. రోమా సామ్రాజ్యంలో పెద్దవాళ్ల ఉపకారాలూ ఇలాగే తిరిగేవి. పౌలు సమకాలికుడైన రోమా తత్వవేత్త సెనెకా ఉపకారాల మీద 7 భాగాల గ్రంథమే రాశాడు. ఎవరికి ఇస్తున్నామో చూసి, ఎంచి ఇవ్వాలని అందులో సలహా. (ఆ సెనెకా అన్నగారే అపొస్తలుల కార్యములు 18లో కొరింథులో పౌలు కేసు విన్న గల్లియో. లోకం చిన్నది.)

పౌలు ఆ బజారు మాటనే తీసుకుని దాని నడుం విరిచాడు. రోమా 5లో మెట్లు చూడండి. మనం బలహీనులమై ఉండగా, భక్తిహీనులమై ఉండగా, పాపులమై ఉండగా, చివరికి ‘శత్రువులమై యుండగా’. ఎంచి ఇవ్వమన్న సెనెకా లెక్కలో వీళ్లలో ఒక్కరూ జాబితాలోకి రారు. రోమా 4:4లో ‘పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు’ అన్నాడు. ఆ ‘దానము’ కూడా ఖారిసే. రోమా 11:35లో ‘ముందుగా ఆయనకిచ్చి, ప్రతిఫలము పొందగలవాడెవడు?’ అని అడుగుతాడు. చదివింపుల పుస్తకంలో మొదటి పద్దు ఎవరిదన్నదే ప్రశ్న. దేవుడి విషయంలో మొదటి పద్దు మనది కాలేదు, ఎప్పుడూ.

నన్నడిగితే కృప గురించి తెలుసుకోవలసింది ఈ ‘ముందు’ అన్న మాటే. పాత నిబంధనలోనూ వరుస ఇదే. పది ఆజ్ఞలు ‘నన్ను సేవించు’ అని మొదలుకావు. నిన్ను ఐగుప్తు దాసత్వంలోంచి బయటికి తెచ్చాను అన్న మాటతో మొదలవుతాయి. విడుదల ముందు, ఆజ్ఞలు తర్వాత. ఎఫెసీ 2లోనూ అంతే. ‘కృపచేతనే రక్షింపబడియున్నారు’ అని 8వ వచనం, సత్‌క్రియలు చేయడానికి సృష్టించబడ్డామని 10వ వచనం. మనవాళ్లు 8, 9 కంఠతా పట్టించి 10 వదిలేస్తారు. ఇంకొందరు 10తో మొదలుపెట్టి 8కి చేరాలని చూస్తారు. రెండూ తప్పే, రెండోది మాత్రం మనిషిని చంపేస్తుంది.

అయితే పౌలు ‘బదులు ఏమీ అక్కర్లేదు’ అని కూడా అనలేదు. రెండో కొరింథీ 8, 9 అధ్యాయాలు యెరూషలేము పేదల కోసం చందా వసూలు గురించి. అక్కడ ఖారిస్ ఎన్ని వేషాలు వేసిందో గ్రీకులో చూస్తే నవ్వొస్తుంది. దేవుడు చేసిన మేలుకూ ఖారిస్, ఆ చందాకూ ఖారిస్. చివర 9:15లో ‘చెప్ప శక్యము కాని ఆయన వరమును గూర్చి దేవునికి స్తోత్రము’ అన్నచోట ‘స్తోత్రము’ కూడా ఖారిసే. మనం రోజుకు పదిసార్లు ‘దేవునికి స్తోత్రం’ అంటాం కదా, అది కృప అన్న మాటకు వెనక్కి తిరిగి వచ్చిన గొంతు. కింది నుంచి పైకి వెళ్తే స్తోత్రం, పై నుంచి కిందికొస్తే కృప, పక్కకు వెళ్తే పేదలకు ఇచ్చే చేయి. లోపలికెళ్లి పనిచేస్తే కృపావరం, గ్రీకులో ఖారిస్మా, మొదటి కొరింథీ 12లో ఉన్నది. ఒకే వేరు.

ఇప్పుడు డబ్బు సంగతి. 2 కొరింథీ 8:9ని చాలామంది కానుకల ప్రసంగానికి వాడతారు, ఆయన దరిద్రుడయ్యాడు కాబట్టి నువ్వు ఇస్తే ధనవంతుడివవుతావని. వచనం చెప్పేది ఆయన ఇచ్చినది, అదీ ముందే. ఇస్తే కృప వస్తుందన్న ఆలోచన బైబిల్లో ఒక మనిషికి వచ్చింది. సమరయలో గారడీ చేసే సీమోను అపొస్తలుల దగ్గరికి డబ్బు పట్టుకొచ్చాడు. పేతురు జవాబు ఘాటుగా ఉంటుంది: ‘నీ వెండి నీతోకూడ నశించును గాక’ (అపొ. 8:20). మీ ఇంటికి వచ్చిన పెద్దమనిషికి ఆ వచనం చూపించమని నేను చెప్పను. గొడవవుతుంది. మీరు మాత్రం చదువుకోండి. కానుక ఇవ్వడం మంచిదే, అది స్తోత్రం. బిల్లు కట్టడం కాదు. ఇంట్లో మనిషి మంచాన పడి మందులకే చాలనప్పుడు ఆగిపోయిన దశమభాగాన్ని దేవుడు ఫైనుతో వసూలు చేస్తాడని చెప్పేవాళ్లకు సీనాయి కొండ మీద మాట్లాడినవాడెవరో ఇంకా తెలియలేదు.

ఇక ‘కృపలోనుండి తొలగిపోయి యున్నారు’ అన్న మాట. అది గలతీ 5:4. ఎవరితో అన్నాడు? తాగుబోతులతోనో, గుడి మానేసినవాళ్లతోనో కాదు. సున్నతి చేయించుకుని, ధర్మశాస్త్రం పాటించి, దాని వల్ల దేవుడి దగ్గర నీతిమంతులం అనిపించుకోవాలని తెగ కష్టపడుతున్న భక్తిపరులతో. అంటే పౌలు లెక్కలో కృప తప్పడమంటే కృపను సంపాదించాలని చూడడం. ‘ఇంత కట్టాను కాబట్టి ఇంత రావాలి, కట్టలేదు కాబట్టి పోయింది’ అన్న లెక్కే ఆ తొలగిపోవడం. మీ నాన్నగారి మంచం పక్కన కూర్చుని ఆ మాటన్నాయన, పౌలు ఎవరిని తిట్టాడో వాళ్ల వరుసలో తానే కూర్చున్నాడు. పాపం, తెలియక.

ఒక కథ చెప్పకుండా ఉండలేను. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని తెల్లవారగానే కొందరిని దినానికి ఒక దేనారమని ఒడంబడి కూలికి పిలుస్తాడు. తర్వాత తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి, చివరికి సాయంత్రం అయిదు గంటలకు కూడా ఇంకొందరిని. అందరికీ అదే ఒక దేనారం ఇస్తాడు. పొద్దున్నుంచి ఎండలో మాడినవాళ్లు సణుగుతారు. చాలా ఏళ్ల క్రితం మిర్చి కోతల కాలంలో ఒక ఊళ్లో ఈ వాక్యం చెబుతూ, దేవుడి న్యాయం మన న్యాయం లాంటిది కాదని ఏవో పెద్ద మాటలు మాట్లాడుతున్నాను. ముందు వరసలో ఒక పెద్దావిడ, రోజూ కూలికి పోయే మనిషి, మధ్యలో అందుకుంది: ‘అయిదింటికొచ్చినోడి ఇంట్లో మాత్రం పొయ్యి వెలగొద్దా అయ్యగారూ?’ అని. నా ప్రసంగం అక్కడితో ఆగిపోయింది. దేనారం అంటే ఒక రోజు కూలి, ఒక ఇల్లు ఒక రోజు గడిచే డబ్బు. అరపూట కూలిస్తే అరకడుపే. యజమాని పని గంటలు లెక్కపెట్టలేదు, ఇంట్లో నోళ్లు లెక్కపెట్టాడు. నేను చదివిన వ్యాఖ్యానాల కన్నా ఆవిడ ఆ కథను బాగా చదివింది.

ఆ కథ చివర యజమాని అడిగే ప్రశ్న మన తెలుగులో అద్భుతంగా కుదిరింది: ‘నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?’ మూలంలో ‘నీ కన్ను చెడ్డదా’ అని ఉంటుంది. మనవాళ్లు కన్నును వదిలి కడుపు పట్టుకున్నారు, సరిగ్గానే పట్టుకున్నారు. కృప మనకు దొరికినప్పుడు అందరికీ ఇష్టమే. పక్కవాడికి దొరికినప్పుడు తెలుస్తుంది మన సంగతి. లూకా 15లో తప్పిపోయిన కొడుకు తిరిగొస్తే ఇంట్లోకి రానని బయట నిలబడ్డ అన్నయ్యదీ ఆ మంటే. యోనా ప్రవక్తదీ అదే. నీనెవె వాళ్లు మారి బతికిపోయినందుకు అలిగి, ‘నీవు కటాక్షమును జాలియును బహు శాంతమును అత్యంత కృపయుగల దేవుడవై’ ఉన్నావని తెలిసే నేను పారిపోయానంటాడు (4:2). సీనాయి దగ్గర మోషే తలవంచి విన్న వాక్యాన్ని ఇక్కడ ఫిర్యాదుగా వాడాడు! మత్తయి 18లో ఇంకో దాసుడికి 10,000 తలాంతుల అప్పు మాఫీ అయింది. ఒక తలాంతు 6,000 దేనారాలనుకుంటే అది 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా తీర్చడానికి 2 లక్షల ఏళ్లు. వాడు బయటికి రాగానే 100 దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. కృప అర్థం కానివాడు ఎలా ఉంటాడో చెప్పడానికి యేసుకు ఇంతకంటే వివరణ అక్కర్లేకపోయింది.

అంత ఉచితమైతే ఇష్టమొచ్చినట్టు బతకొచ్చా అన్న అనుమానం మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు. పౌలును కూడా అడిగారు, రోమా 6:1 ఆ ప్రశ్నే. తీతుకు 2:11, 12 ప్రకారం కృప మనకు ‘బోధించుచున్నది’. గ్రీకులో అది పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని పెంచి, దిద్దే మాట. పెంచేవాళ్లు బిడ్డ బుద్ధిమంతుడైన తర్వాత ఇంట్లోకి రానివ్వరు కదా, ఇంట్లో ఉంచుకునే బుద్ధి చెబుతారు.

చరిత్రలో దీని మీద జరిగిన గొడవలు చెబితే రాత్రంతా పడుతుంది. 5వ శతాబ్దం మొదట్లో బ్రిటన్ నుంచి వచ్చిన పెలాగియస్ అనే సన్యాసి, మనిషి తలచుకుంటే ఆజ్ఞలు పాటించగలడన్నాడు. హిప్పో బిషప్ అగస్టీను, ఆ తలచుకోవడం కూడా కృపే ఇవ్వాలన్నాడు. 418లో కార్తేజి సభ అగస్టీను వైపు మొగ్గింది. మన దగ్గర శ్రీవైష్ణవంలో కోతిపిల్ల తల్లిని పట్టుకోవాలా, పిల్లి తన కూనను నోట కరుచుకుని పోతుందా అని వడగలై, తెంగలై వాళ్లు వాదించుకున్నారు. సిద్ధాంతాలు వేరైనా మనిషిని కుదిపిన ప్రశ్న అలాంటిదే. 1517లో జర్మనీలో లూథరు లేవనెత్తిన వాదం, 1547లో దానికి జవాబుగా క్యాథలిక్కుల ట్రెంటు సభ తీర్మానం, ఆ తర్వాత రెండు వైపుల మధ్య 450 ఏళ్ల ఎడం. క్యాథలిక్కులు కృపను ‘వరప్రసాదం’ అంటారు. ‘దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా’ అన్న జపం మీరు పక్కింట్లో వినే ఉంటారు. వాళ్లు మనిషిలోకి వచ్చి, నిండి, మార్చేదిగా దాన్ని చూశారు. లూథరన్లు మనిషి మీద దేవుడిచ్చే తీర్పుగా, ఆయన దయగల మనసుగా చూశారు. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో క్యాథలిక్ సంఘం, ప్రపంచ లూథరన్ సమాఖ్య ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టాయి. మన యోగ్యతను బట్టి కాదు, కేవలం కృప వల్లే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని రెండు వైపులా ఒప్పుకున్నారు. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం కూడా ఆ సమాఖ్యలో సభ్యురాలే. ఆ రోజు ఆ ఒప్పందం గురించి మా పల్లెల్లో ఎవరికీ తెలియలేదు, అది వేరే సంగతి.

జబ్బు దగ్గరికి వద్దాం, అసలు మీ బాధ అదే కాబట్టి. జబ్బును కృప కొలిచే థర్మామీటరుగా బైబిల్ ఒప్పుకోదు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగినది మీ ఇంటికొచ్చినాయన అడిగినదే: ఎవరి పాపం? ‘వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు’ అని యేసు తేల్చేశాడు. పౌలుకు శరీరంలో ఒక ముల్లు ఉండేది. తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. వచ్చిన జవాబు ‘నా కృప నీకు చాలును’ (2 కొరింథీ 12:9). ముల్లు పోలేదు. అంటే కొత్త నిబంధనలో కృప గురించి అందరికన్నా ఎక్కువ రాసిన మనిషి, ఆ ముల్లు పోకుండానే రాశాడు. మందులు, ఫిజియోథెరపీ మాత్రం మానకండి, వాటిని మానడం విశ్వాసం అని ఎవరైనా చెబితే వినకండి.

నోరు లేని ప్రార్థన గురించి అడిగారు. రోమా 8:26లో ‘ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో’ ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని ఉంది. మాటలు రాకపోవడం అక్కడ ప్రార్థనకు అడ్డం కాదు, ప్రార్థన రూపమే అది.

ఇంకో అధ్యాయం చెప్పి ఆపుతాను: 2 సమూయేలు 9. దావీదుకు ముందు రాజుగా ఉన్న సౌలు మనవడు మెఫీబోషెతు. అయిదేళ్ల వయసులో దాది ఎత్తుకుని పారిపోతుంటే కింద పడి రెండు కాళ్లూ పోయాయి. తాత సౌలేమో దావీదును చంపాలని వెంటాడినవాడు. రాజ్యం మారింది, అతను లోదెబారులో ఎవరి ఇంట్లోనో తలదాచుకుంటున్నాడు. దావీదు అతని తండ్రి యోనాతానుకిచ్చిన మాట గుర్తుపెట్టుకుని, సౌలు ఇంట్లో ఇంకా ఎవరైనా మిగిలారా, దేవుడి హెసెద్ వాళ్లకు చూపిస్తాను అని అడుగుతాడు. మనుషుల్ని పంపి పిలిపిస్తాడు. అతను వచ్చి తనను చచ్చిన కుక్కతో పోల్చుకుంటాడు. దావీదు ఆ మాటకు జవాబే ఇవ్వడు, పొలాలు తిరిగి రాయించి, రోజూ తన బల్ల దగ్గర భోజనానికి కూర్చోమంటాడు. అతను అడగలేదు, నడిచి రాలేడు, బదులు ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది చివరి వచనం. అతను సదాకాలం రాజు బల్ల దగ్గర భోజనం చేస్తూ వచ్చాడని చెప్పి, వెంటనే అతని రెండు కాళ్లూ కుంటివే అని చెప్పి అధ్యాయం ముగుస్తుంది. కాళ్లు బాగయ్యాయని రాయలేదు.

ఈ రాత్రి ఆ అధ్యాయం నాన్నగారికి చదివి వినిపించండి, 13 వచనాలే. వినికిడి బాగానే ఉందన్నారు కదా. మెల్లగా చదవండి.